పారసీక జలనిర్మాణములు – పదసాక్ష్యము

పారసీకదేశమునందలి పురాతన స్థలములను గూర్చి వ్రాసినవారు సామాన్యముగా స్తంభములను, సోపానములను, శిలాశాసనములను వర్ణించి విరమింతురు. ఆ నగరములకు నీరు ఎచటనుండి వచ్చెను, ఎట్లు వచ్చెను, దానిని ఎవరు పంచిరి అను ప్రశ్నలకు ఆ వర్ణనలలో చోటు తక్కువ. ఇరాను పీఠభూమి మధ్యభాగమున వర్షము స్వల్పము. ఏడాది పొడవున పాఱు నదులు అరుదు. అట్టి నేలపై సామ్రాజ్యములు నిలిచినవనిన, వాని పునాదిని భవనములలోకంటె భూమి క్రింద వెదకుట న్యాయము. అదియునుగాక, భాషాశాస్త్ర విద్యార్థికి ఈ జలనిర్మాణములు మఱియొక విధమున ముఖ్యములు. రాయి శిథిలమైనచోట పదము మిగులును. కొన్నియెడల పదము నశించి రాయి మాత్రమే మిగులును. ఈ రెండు సాక్ష్యములను కలిపి చదువుట ఈ వ్యాసోద్దేశము.

1. ఏలాము: చోఘా జంబీల్

నైరృతి ఇరానున ఖూజిస్తాను ప్రాంతమున, ప్రాచీన సూసా నగరమునకు ఆగ్నేయ దిశయందు చోఘా జంబీల్ కలదు. క్రీ.పూ. 13వ శతాబ్దిలో ఉంతాష్-నపిరిష అను ఏలామురాజు దూర్-ఉంతాష్ అను పుణ్యనగరమును ఇచట నిర్మించెను. దాని నడుమ నున్న జిగ్గురాతు, అనగా అంతస్తులుగా పేర్చిన దేవాలయగోపురము, ఒక్కొక్క వైపున దాదాపు 105 మీటర్ల పొడవు గలది. 1951 నుండి 1962 వఱకు రోమన్ గిర్ష్‌మన్ ఇచట త్రవ్వకములు జరిపెను. 1979లో యునెస్కో ప్రపంచవారసత్వ పట్టికయందు చేరిన తొలి ఇరాను స్థలములలో ఇది యొకటి.

ఈ నగరప్రాకారమునంటి ఇటుకలతో కట్టిన ఒక తొట్టియు, దాని అడుగుభాగమున సన్నని నీటిదారులును కలవు. దూరముననున్న కర్ఖే నదినుండి త్రవ్వించిన కాలువ నీరు ఇచటికి చేరి, మడ్డి దిగి, తేఱి లోపలి తొట్టిలోనికి ఎక్కెడిదని గిర్ష్‌మన్ భావించెను. లోకమునందలి ప్రాచీనతమ జలశుద్ధి యంత్రాంగములలో ఒకటియని దీనికి వచ్చిన ప్రసిద్ధి ఆ ఊహపై నాధారపడినదే. తరువాతి పరిశోధకులు దీనిని ప్రశ్నించిరి. నగరమున పడిన వాననీటిని వెలుపలికి పంపుటకే ఈ నిర్మాణము ఏర్పడినదని వారి వాదము. ఒకే తొట్టి నీటిని లోనికి తెచ్చినదని ఒకరును, వెలికి పంపినదని ఇంకొకరును చెప్పుచున్నారు. స్థలమును చూడబోవు విద్యార్థి మొదట గుర్తింపవలసినది ఇదియే: శిథిలము తనంతట తాను మాటలాడదు; వాలు ఎటున్నదో కొలిచినపుడే అది కొంత చెప్పును.

ఏలాము భాషకును ద్రావిడభాషలకును బంధుత్వము కలదని డేవిడ్ మెకాల్పిన్ 1970ల నుండి ప్రతిపాదించిన సంగతి ద్రావిడభాషా పరిశోధకులకు తెలిసినదే. ఆ ప్రతిపాదము సర్వామోదము పొందలేదు. ఏలాము భాషను ఏకాకిభాషగా పరిగణించుటయే నేటికిని అధికసమ్మతము. కావున చోఘా జంబీల్ ఇటుకలపై కనబడు పదములను తెలుగు పదములతో జతపఱచుటకు తొందరపడరాదు.

2. హఖామనీషులు: పసర్గడే, పర్సెపోలిస్, సూయెజ్ శాసనము

ఫార్సు ప్రాంతమునందలి పసర్గడే కూరుషుని (సైరసు) రాజధాని. అతని సమాధిని చూచుటకు వచ్చువారు అనేకులు. కొంత దూరముననున్న రాజోద్యానమును నిదానించి చూచువారు కొలదిమంది. అచట సున్నపురాతిని తొలిచి చేసిన సన్నని కాలువలు, వాని నడుమ నడుమ చతురస్రాకారపు చిన్నతొట్లు వరుసగా కలవు. 1961–63 సంవత్సరములలో త్రవ్వకములు జరిపిన డేవిడ్ స్ట్రోనాక్ ఈ వరుసలనుబట్టి, ఉద్యానమును నాలుగుభాగములు చేయు చార్‌బాగ్ పద్ధతికి ఇదియే తొలిరూపమని ఊహించెను.

ఉద్యానవాచకమైన పదము సైతము గమనార్హము. అవెస్తా భాషయందలి 'పైరిదైజ' శబ్దము ప్రహరీగల ఆవరణమును తెలుపును. దీని పూర్వభాగము సంస్కృతమునందలి 'పరి'. ఉత్తరభాగము మట్టితో కట్టుట యను అర్థముగల 'దిహ్' ధాతువునకు సగోత్రము. వేదమున కోటగోడకు వాడబడిన 'దేహీ' శబ్దము ఆ ధాతుజన్యమే. ఇరానీయ రూపమునుండి గ్రీకు 'పరదైసోస్', దానినుండి ఐరోపా భాషలలో స్వర్గవాచకములును ఏర్పడినవి. పారసీ, ఉర్దూలందలి 'ఫిర్దౌస్' అరబ్బీ మార్గమున తిరిగివచ్చిన ఆ పదమే. స్వర్గమను భావమునకు మూలము ఒక మట్టిగోడ యనుట ఆశ్చర్యకరముగా తోచవచ్చును. కాని గోడలేనిచో ఆ ఎడారిలో తోట నిలువదు.

పర్సెపోలిస్ నిర్మాణమును మొదటి దారయవహుషుడు (డేరియస్) క్రీ.పూ. 518 ప్రాంతమున ఆరంభించెను. కొండవాలున కట్టిన విశాలమైన వేదికపై ఆ భవనములన్నియు నిలిచినవి. కొండనుండి దిగు వాననీరు ఆ వేదికను పెకలింపకుండుటకై, భవనములకు ముందే రాతిలో భూగర్భ మురుగుకాలువలను తొలిచిరి. ఆ కాలువలమార్గమును భవనముల గోడలు అనుసరించుచున్నందున, మొత్తము పథకము ముందుగనే సిద్ధపడెనని తెలియుచున్నది. క్రీ.పూ. 330లో అలెగ్జాండరు కాలమున భవనములు దగ్ధమైనవి. నేలక్రింది కాలువలు మిగిలినవి.

ఇదే దారయవహుషుడు నైలునదినుండి ఎఱ్ఱసముద్రమువైపునకు కాలువ త్రవ్వించినట్లు చెప్పు శాసనములు ఈజిప్టున లభించినవి. వానిలో చలూఫ్ అనుచోట 1866లో బయల్పడిన శిల ముఖ్యము. ప్రాచీన పారసీక పాఠమున కాలువకు 'యౌవియా' అను పదమును, త్రవ్వుటకు 'కన్' ధాతువును వాడిరి. మొదటిది ఋగ్వేదమునందలి 'యవ్యా' శబ్దమునకు సజాతీయము. నిఘంటువున నదీనామములలో ఈ శబ్దము చేరియున్నది. నేటి పారసీభాషలో సెలయేటికిని వీధికాలువకును వాడు 'జూయ్' దాని పరిణామమే. రెండవది సంస్కృత 'ఖన్' ధాతువు. ఖననము, ఖని, దాని తద్భవమైన తెలుగు 'గని' ఆ కుటుంబమునకు చెందినవి. వేదమున నదిగా నున్నది పారసీకమున మనుష్యుడు త్రవ్విన కాలువ యైనది. నదులు తక్కువైన దేశమున పదార్థము ఇట్లు మాఱుట సహజము.

3. షూష్తర్

కారూన్ నది పర్వతములనుండి ఖూజిస్తాను మైదానమునకు దిగుచోట షూష్తర్ పట్టణము కలదు. ఇచటి జలవ్యవస్థ 2009లో ప్రపంచవారసత్వ పట్టికయందు చేరినది. నదిని పట్టణమునకు ఎగువన రెండుగా చీల్చిరి. పెద్దపాయకు 'చహార్ దాంగే', చిన్నపాయకు 'దో దాంగే' అని పేర్లు. 'దాంగ్' అనగా ఆఱవవంతు. కావున ఆఱుపాళ్లలో నాలుగు ఒకదానికి, రెండు మఱొకదానికి అని నీటిపంపకము పేరులోనే ఇమిడియున్నది. చిన్నపాయయైన గర్గర్ కాలువ హఖామనీషుల కాలమున ఆరంభమైనదని చెప్పుదురు. దాని గట్టున కొండఱాతిని తొలిచిన సొరంగములగుండా నీరు తిరుగళ్లను త్రిప్పి, జలపాతములై లోతైన మడుగులోనికి దూకును. మఱియొక కాలువ యైన దారియూన్, పట్టణమునకు దక్షిణముననున్న మీయానాబ్ మైదానమును తడుపును. 'మీయాన్' అనగా నడుమ, 'ఆబ్' అనగా నీరు; మన 'అంతర్వేది'కి ఇది సమానార్థకము.

పెద్దపాయపై గల 'బంద్-ఎ-కైసర్', అనగా కైసరు ఆనకట్ట, సుమారు 500 మీటర్ల పొడవుగల వంతెన-ఆనకట్ట. క్రీ.శ. 260లో సాసానీరాజు మొదటి షాపూరు రోమక చక్రవర్తి వలేరియనును బంధించెను. బందీలైన రోమకసైనికులచే ఈ కట్టను కట్టించెనను ఐతిహ్యము అరబ్బీ, పారసీ గ్రంథములలో కలదు. ఫిర్దౌసీ కూడ రోమక శిల్పి యొకడు షూష్తరున వంతెన కట్టిన కథను చెప్పెను. ఐతిహ్యమునకు తోడు శాసనాధారము కొంత కలదు: నక్ష్-ఎ-రుస్తమ్ వద్ద షాపూరు మూడుభాషలలో చెక్కించిన శాసనమున బందీలను ఖూజిస్తాను మున్నగు ప్రాంతములలో నివసింపజేసినట్లు ఉన్నది. అయినను, ఆ శాసనమున ఆనకట్ట ప్రసక్తి లేదు. రోమకుల పనితనమును కట్టుబడి రీతినిబట్టి నిర్ణయింపవలసినదేకాని కేవలము పేరునుబట్టి కాదు.

4. కనాత్

పారసీక జలవిద్యలో సర్వోత్తమమైనది కనాత్. తెలుగున 'కనాతు' అనగా గుడారపు తెర. ఇచట ఉద్దేశింపబడినది అది కాదు. కొండపాదమున భూగర్భజలము తగులువఱకు లోతైన బావి నొకదానిని త్రవ్వుదురు. దీనికి 'మాదర్ చాహ్', అనగా తల్లిబావి, అని పేరు. ఆ నీటిమట్టమునుండి గ్రామమువైపు అత్యల్పమైన వాలుతో ఒక సొరంగమును సాగింతురు. నేలవాలు సొరంగపువాలుకంటె అధికము గనుక, కొన్ని కిలోమీటర్ల పిదప సొరంగము తనంతట తాను నేలపైకి వెలువడును. ఆ ముఖమునకు 'మజ్‌హర్' అని పేరు. మట్టిని పైకి తోడుటకును, గాలి ఆడుటకును నడుమ నడుమ నిలువుబావులు వరుసగా ఉండును. కపిలలు, ఏతములు, యంత్రములు లేకయే నీరు భూమ్యాకర్షణచే రేయింబవళ్లు పాఱును. సొరంగముననే ప్రవహించుటచే ఎండకు ఆవిరియగునది స్వల్పము. వాలు ఎక్కువైనచో నీరు సొరంగమును కోసివేయును. తక్కువైనచో మడ్డి పేరుకొనును. ఈ సూక్ష్మమును దీపపువెలుగుతో, త్రాటితో, నీటిమట్టముతో సాధించిన పనివాడు 'ముకన్నీ'. సొరంగమున దీపము మినుకుమన్నచో విషవాయువు కలదని అతడు గుర్తించును. నేల మెత్తనైనచోట కాల్చిన మట్టితో చేసిన అండాకారపు వలయములను కూర్చి, కూలకుండ నిలుపును.

2016లో 11 కనాతులు ప్రపంచవారసత్వ పట్టికయందు చేరినవి. ఖురాసానుననున్న గొనాబాద్ కసబె కనాతు దాదాపు 33 కిలోమీటర్ల పొడవు గలది. దాని తల్లిబావి లోతు సుమారు 300 మీటర్లు. యజ్ద్ ప్రాంతపు జార్చ్ కనాతు 70 కిలోమీటర్లకు పైబడినది. అర్దస్తాను పట్టణపు మూన్ కనాతున ఒకదానిపై నొకటిగా రెండు సొరంగములు కలవు. రెండింటి నీరు కలియదు.

కనాతు పుట్టుక వివాదాస్పదము. ఇరానే జన్మస్థానమని చిరకాలము విద్వాంసులు నమ్మిరి. ఆగ్నేయ అరేబియాలో క్రీ.పూ. మొదటి సహస్రాబ్ది ఆరంభమునకు చెందిన 'ఫలజ్' అను భూగర్భకాలువలు బయల్పడిన తరువాత ఆ విశ్వాసము సడలినది. అయితే పారసీకుల పాలనలో దీనికి రాజాదరము లభించుట నిశ్చితము. క్రీ.పూ. 2వ శతాబ్దికి చెందిన గ్రీకు చరిత్రకారుడు పోలిబియస్, నీరులేని నేలకు నీరు తెచ్చినవారికి ఐదుతరములవఱకు ఆ భూఫలమును అనుభవించు హక్కును పారసీకులు ఇచ్చిరని వ్రాసెను. 9వ శతాబ్దిలో ఖురాసాను పాలకుడైన అబ్దుల్లా ఇబ్న్ తాహిర్, కనాతు తగవులకు ధర్మశాస్త్రమున తీర్పు లేకపోవుటచే, న్యాయవేత్తలచే ప్రత్యేక గ్రంథమును వ్రాయించెను. 11వ శతాబ్ది ఆరంభమున గణితవేత్త కరజీ భూగర్భజలములను వెలికితీయుటను గూర్చి అరబ్బీలో శాస్త్రగ్రంథమును రచించెను.

నీటిపంపకము చేయువాడు 'మీరాబ్', అనగా నీటి అధికారి. తెలంగాణపు చెరువుల క్రింద నీరు పంచు నీరటికాని పని యిట్టిదే. మీరాబు కాలమును కొలుచుటకు అడుగున సన్నని రంధ్రముగల గిన్నెను పెద్దపాత్రలోని నీటిపై విడుచును. గిన్నె మునిగినచో ఒక వంతు పూర్తియైనట్లు. దీనిని 'ఫింజాన్' అందురు. సిద్ధాంతగ్రంథములలోని ఘటికాయంత్రము సరిగా ఇట్టిదే. 24 నిమిషముల 'గడియ', దానినుండి వచ్చిన 'గడియారము' తెలుగున నిలిచిన ఆ గిన్నె జ్ఞాపకములే. ఒకచోట ఈ గిన్నె ముహూర్తమును నిర్ణయించినది. మఱియొకచోట పొలమునకు నీటిని పంచినది.

5. రెల్లునుండి కాలువకు

'కనాత్' శబ్దమును చూచినంతనే సంస్కృతజ్ఞులకు 'ఖన్' ధాతువు స్ఫురించును. పైన పేర్కొన్న పారసీక 'కన్' ధాతువు ఆ భ్రాంతిని బలపఱచును. కాని 'కనాత్' అరబ్బీపదము. అక్కాదు భాషలో రెల్లును తెలుపు 'కనూ' శబ్దముతో దీనికి సంబంధము. సెమెటిక్ కుటుంబమునుండియే ఈ రెల్లుపదము గ్రీకు, లాటిన్ భాషలలోనికి 'కన్నా' రూపమున చేరినది. లాటిన్ 'కనాలిస్', ఆంగ్లమునందలి 'కెనాల్' దానినుండి పుట్టినవి. లోన బోలుగానుండు రెల్లు నీటిగొట్టమునకును, తుదకు కాలువకును పేరైనది.

ఇట్టి అర్థపరిణామము మఱియొక చోటను కనబడును. తెలుగు 'సొరంగము' సంస్కృత 'సురుంగా' శబ్దభవము. ఈ సంస్కృతశబ్దము గ్రీకు 'సిరింక్స్' నుండి వచ్చినదని అనేకుల మతము. ఆ గ్రీకుపదమునకు రెల్లుతో చేసిన పిల్లనగ్రోవి యని ప్రథమార్థము. ద్రావిడభాషలలోను ఈ పరిణామము కలదు. చెరువుకట్టయందు నీరు వెడలు 'తూము', ధాన్యమును కొలుచు 'తూము' రెండును ఒకే మూలమునకు చెందినవి. తమిళ 'తూంబు' గొట్టమును, వెదురును, చెరువు తూమును తెలుపును. అనగా వెదురుబొంగు ఒకవైపు కొలపాత్రయై, మఱొకవైపు నీటిద్వారమైనది. సెమెటిక్, గ్రీకు, ద్రావిడ కుటుంబములు మూడును వేర్వేఱుగా ఒకే మార్గమున నడచుటకు కారణము అరువు కాదు. బోలుకాడలో నీరు పాఱుటను అందఱును కన్నులార చూచిరి.

ఇందుకు విరుద్ధముగా 'కాలువ', 'కెనాల్' పదముల ధ్వనిసామ్యము వట్టి యాదృచ్ఛికము. 'కాలువ' తమిళ 'కాల్' మున్నగువానితో చేరిన దేశ్యపదము. ధ్వని కలిసినచోట బంధుత్వము లేకపోవుటయు, ధ్వని కలియనిచోట భావసామ్యముండుటయు ఈ పదములవలన తేటపడుచున్నది.

6. దక్కనున పారసీక జలపదములు

కనాతునకు పారసీకులు వాడు మఱియొక పేరు 'కారీజ్'. 15వ శతాబ్దిలో బహమనీలు రాజధానిని గుల్బర్గానుండి బీదరుకు మార్చిన తరువాత అచట కారీజులు వెలసినవి. నౌబాదు కారీజు నేటికిని చూడదగియున్నది. 17వ శతాబ్ది ఆరంభమున మొగలుల క్రింద బుర్హాన్‌పూరున ఇట్టి వ్యవస్థయే ఏర్పడినది. 1956 వఱకు హైదరాబాదు రాజ్యమున భాగమైయుండిన బీదరునకు తెలుగునాటితో సంబంధము సన్నిహితము. అయినను 'కారీజు' తెలుగు వ్యవహారమున వ్యాపింపలేదు. వాననీటిని చెరువున నిలుపు ఆచారము స్థిరపడిన నేలపై ఆ విద్యకు గల అవసరము అల్పము. వస్తువు వ్యాపింపనిచోట పదమును వ్యాపింపలేదు.

'ఆబ్' శబ్దము మాత్రము వేఱురూపములలో ప్రవేశించినది. ఇది సంస్కృత 'అప్' శబ్దమునకు సోదరము. 'రాయచూరు దోఆబ్' అనగా రెండునీళ్ల నడుమ దేశము. మద్యశాఖకు పేరైన 'ఆబ్కారీ'కి మూలార్థము నీటిపని. పారసీలో 'గులాబ్' అనగా పూలనీరు. తెలుగున ఆ నీటికి 'పన్నీరు' అను దేశ్యపదము ఉన్నందున, 'గులాబి' పూవునకే పేరైనది. హైదరాబాదు నడిబొడ్డున గల గుల్జారు హౌజు అరబ్బీ 'హౌజ్' పదమును నిలుపుచున్నది.

'హైదరాబాదు' మున్నగు ఊరిపేళ్లలోని 'ఆబాద్'ను సైతము 'ఆబ్' నుండి సాధించువారు కలరు. ఇది లోకవ్యుత్పత్తి. 'ఆబాద్' మధ్యపారసీకమున జనముతో కళకళలాడు చోటు. రక్షణార్థకమైన 'పా' ధాతువుతో దానికి సంబంధమును చెప్పుదురు. నీరున్నచోటనే ఊరుండుట నిజమే. కాని నిజమైన విషయము తప్పు వ్యుత్పత్తిని ఒప్పుచేయదు.

7. ఎండుచున్న నీరు, నశించుచున్న మాట

1962లో ఆరంభమైన భూసంస్కరణలచే కనాతులను పోషించుచుండిన పాత భూస్వామ్యవ్యవస్థ చెదరినది. కనాతును ఏటేట శుభ్రపఱచు బాధ్యత ఎవరిదో తెలియకపోయెను. అదేకాలమున లోతైన గొట్టపుబావులు విస్తరించినవి. కనాతు నేల ఇచ్చినంతనే పుచ్చుకొనును. పంపు నేల ఇవ్వలేనిదానిని కూడ లాగును. నీటిమట్టము తల్లిబావికి దిగువకు పోయినపుడు వేయేండ్ల సొరంగము ఒక్కసారి ఎండును. దీని ఫలము పొలములతో ఆగలేదు. పర్సెపోలిస్, నక్ష్-ఎ-రుస్తమ్ ఉన్న మర్వ్‌దష్త్ మైదానమున భూమి క్రుంగి పగుళ్లు ఏర్పడుచున్నవి. 2007లో సీవంద్ ఆనకట్ట నిండినపుడు, పసర్గడే సమీపమునందలి బొలాఘీ కనుమలోని పురాతనస్థలములు కొన్ని, త్వరితముగా జరిపిన రక్షణత్రవ్వకముల పిదప, జలగర్భమున చేరినవి.

2005లో యజ్దున యునెస్కో ఆధ్వర్యవమున కనాతుల అధ్యయనకేంద్రము స్థాపింపబడినది. సొరంగములను కొలుచుట, బాగుచేయుట దీనివలన సాధ్యమగును. కాని ముకన్నీ వృత్తి అంతరించినచో మట్టిరకములకు, గాలిదోషములకు, నీటివంతులకు అతడు వాడిన పదములు గ్రంథములలో చాలభాగము లేవు. అవి అతనితోనే పోవును. ఈ విషయమున తెలుగువారికి ఒక మంచి మాదిరి కలదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశపు తొలిసంపుటము, వ్యవసాయపదములను రైతుల నోటినుండియే సేకరించినది. చెరువుకట్ట, తూము, అలుగు, నీరటి పదములకు అట్లు లభించిన రక్ష, బీదరు కారీజు నంటియున్న కన్నడ, తెలుగు, ఉర్దూ పదములకు లభింపవలసియున్నది.

కావున ఈ స్థలములను దర్శింపబోవు భారతీయభాషా పరిశోధకుడు కొలబద్దతోపాటు పదపట్టికను కూడ చేతబట్టుట ఉచితము. స్తంభములు ఇంక కొన్ని శతాబ్దములు నిలువవచ్చును. తల్లిబావి లోతును తన తండ్రి చెప్పిన మాటలలో చెప్పగల వృద్ధుడు అంతకాలము నిలువడు. సేకరణలో ముందు ఏది, వెనుక ఏది అను ప్రశ్నకు సమాధానము ఇందే కలదు.